ఈమెయిల్లో ఇన్‌లైన్ స్టైల్స్: అపోహలు – వాస్తవాలు

‘ఆర్డర్ చూడండి’ అని తెల్లటి అక్షరాలతో నీలం బటన్ పెట్టి పంపిన మెయిల్ అది. కస్టమర్ ఫోన్లో తెరిస్తే బటన్ లేదు, కింద గీతతో ఒక మామూలు లింకు కనిపించింది. స్టైల్స్ అన్నీ హెడ్‌లోని స్టైల్ ట్యాగులోనే వదిలేశాం. తప్పు మాదే.

అపోహ: జీమెయిల్ స్టైల్ ట్యాగును ఒప్పుకుంటోంది కదా, ఇక ఇన్‌లైన్ చేయడం దేనికి?

2016 సెప్టెంబరు నుంచి ఒప్పుకుంటున్న మాట నిజమే. కానీ అదే జీమెయిల్ యాప్‌లో వేరే కంపెనీ మెయిల్ ఖాతా పెట్టుకుని చదివేవాళ్లకు ఆ ట్యాగు పనిచేయదు. మా కస్టమర్ చదివింది అలాగే. అక్కడ నిలిచేది ఇన్‌లైన్ స్టైల్, అంటే ఆయా ఎలిమెంట్ సొంత ట్యాగులోనే రాసిన స్టైల్ మాత్రమే.

అపోహ: ఇన్‌లైన్ చేసే టూల్ ఒకసారి నడిపితే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది.

జ్యూస్, ప్రీమెయిలర్, ఎమోగ్రిఫయర్ లాంటివి చేసే ప్రధానమైన పని ఒకటే: ప్రతి రూల్ ఏ ట్యాగులకు వర్తిస్తుందో వెతికి, దాన్ని ఆ ట్యాగుల్లో రాస్తాయి. మీడియా క్వెరీలు, హోవర్ రూల్స్ ట్యాగులో ఇమడవు. అవి హెడ్‌లోనే ఉండాలి. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. టేబుల్ వెడల్పు 600 పిక్సెల్స్ అని, ఫోన్లో మాత్రం 100 శాతం అని రాశారనుకోండి. టూల్ నడిచాక 600 వెళ్లి ట్యాగులో కూర్చుంటుంది. ట్యాగులో ఉన్నదానిదే పైచేయి కాబట్టి ఫోన్ రూల్ ఓడిపోతుంది, చదివేవాళ్లు మెయిల్‌ను పక్కకు జరుపుకుంటూ చదవాలి. ఆ ఫోన్ రూల్‌కు ‘ఇంపార్టెంట్’ తగిలిస్తేనే అది నెగ్గుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే.

అపోహ: ఇన్‌లైన్ చేస్తే అవుట్‌లుక్‌లోనూ అచ్చంగా అలాగే కనిపిస్తుంది.

విండోస్‌లో 2007 నుంచి వచ్చిన పాత తరహా అవుట్‌లుక్ మెయిల్‌ను చూపేది వర్డ్ ఇంజిన్‌తో. ఫ్లెక్స్‌బాక్స్ గానీ, గుండ్రటి మూలలు గానీ దానికి తెలియవు. ఎక్కడ రాసినా ఫలితం ఒకటే. అందుకే లేఅవుట్‌కు ఇంకా టేబుల్సే వాడుతున్నాం.

అపోహ: ఇన్‌లైన్ ఎంత చేస్తే అంత మంచిది.

యాభై వరుసల ఆర్డర్ జాబితాలో ప్రతి గడిలోనూ అవే ఫాంటు, రంగు, మార్జిన్ మళ్లీ మళ్లీ చేరతాయి. మెయిల్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కత్తిరించి, పూర్తి మెసేజ్ చూడటానికి ఒక లింకు ఇస్తుంది. కత్తెర పడేది అడుగుభాగానికి. అన్‌సబ్‌స్క్రైబ్ లింకు పెట్టేది అక్కడే. అది కనిపించనివాళ్లు స్పామ్ బటన్ నొక్కుతారు.