మార్కులు తగ్గాయని ఎమ్మెస్సీ మానేయాలా?

డిగ్రీ మార్కుల జాబితా వచ్చిన రోజు కొన్ని ఇళ్ళల్లో స్టవ్ మీద పాలు పొంగినా పట్టించుకునేవారుండరు. అమ్మాయి ముఖం వేలాడేసుకుని ఓ మూల కూర్చుంటుంది. నాన్నగారు పేపరు చాటున తలదాచుకుంటారు. ఈలోగా మేనత్తగారో, పెద్దమ్మగారో తీర్పు చెప్పేస్తారు: "రెండు లెక్కల పేపర్లు సప్లిమెంటరీలో గట్టెక్కింది. యాభై నాలుగు శాతానికి ఎమ్మెస్సీ సీటు ఎవరిస్తారే? హాయిగా సంబంధాలు చూడండి!"

ఆగండి. అమ్మాయికి స్టాటిస్టిక్స్ మీద నిజంగా ఇష్టం ఉంటే, ఆ ఒక్క అంకె చూసి పుస్తకాలు అటకెక్కించాల్సిన పనిలేదు. అలాగని కళ్ళు మూసుకుని పెద్ద పేరున్న చోటికల్లా దరఖాస్తులు పంపి, ఫీజులు పోగొట్టుకోనూ అక్కర్లేదు. ఉన్న మార్కులతో ఏ తలుపు తెరుచుకుంటుందో తెలుసుకుని తట్టాలి, అంతే.

మార్కుల జాబితా ఎలా చదవాలి?

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. స్టాటిస్టిక్స్‌లో దీన్నే శాంప్లింగ్ అంటారు. కానీ మార్కుల జాబితాకి ఒక్క మెతుకు చాలదు సుమా! మొత్తం శాతం ఒక్కటే చూస్తే అసలు సంగతి తెలియదు.

అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని పేపరు పేపరూ చూడండి. భాషల్లోనో, కంప్యూటర్ పేపర్లోనో తగ్గితే ఈ చదువుకి పెద్ద నష్టం లేదు. ప్రాబబిలిటీ, డిస్ట్రిబ్యూషన్లు, ఇన్ఫరెన్స్ పేపర్లలో మార్కులు బాగుంటే అది మంచి సూచన. తగ్గింది కాలిక్యులస్‌లో, లీనియర్ ఆల్జీబ్రాలో అయితే మాత్రం కొంచెం ఆలోచించాలి. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టరు సాధారణంగా వాటితోనే మొదలవుతుంది. అలాంటప్పుడు సీటు కోసం ఎంత చదవాలో, సీటు వచ్చాక నిలదొక్కుకోవడానికీ అంత చదవాలి. సెలవుల్లో రోజుకి రెండు గంటలు ఆ రెండు సబ్జెక్టులకే కేటాయిస్తే చాలావరకు దారిలో పడుతుంది.

ఇంకో సంగతి. మార్కులు ఎప్పుడు తగ్గాయి? మొదటి ఏడాది తగ్గి, చివరి ఏడాదికి పుంజుకుంటే అమ్మాయి దారిలో పడిందని అర్థం. చివరికొచ్చేసరికి పడిపోతే ఎందుకో నెమ్మదిగా అడగండి. ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందా, హాస్టల్లో ఇబ్బందా, అసలు సబ్జెక్టే నచ్చలేదా? ఈ మూడింటికీ మందు ఒక్కటి కాదు కదా.

అర్హత వేరు, ర్యాంకు వేరు

చాలామంది తల్లులు కంగారుపడేది ఇక్కడే. మన రాష్ట్రాల్లో ఎమ్మెస్సీ సీటు ప్రధానంగా ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకుని బట్టి ఇస్తారు. డిగ్రీ మార్కులు అర్హత గడప దాటిస్తే చాలు. లోపలికి వెళ్ళాక ఏ గదిలో కూర్చోవాలో చెప్పేది ర్యాంకే. ఆ గడప ఎంత ఎత్తో యూనివర్సిటీని బట్టి, రిజర్వేషన్‌ని బట్టి మారుతుంది. కాబట్టి పక్కింటివాళ్ళు చెప్పారని నమ్మకుండా, ఈ ఏడాది నోటిఫికేషన్ తెప్పించి మీ కళ్ళతో చదవండి. డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా చదివి ఉండాలా అన్నది కూడా అందులోనే ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. పాస్ కాని పేపర్లు మిగిలి ఉంటే ఎంత మంచి ర్యాంకు వచ్చినా చేరడం కుదరదు. ముందు అవి పూర్తి చేయించండి. మార్కులు పెంచుకోవడానికి ఇంప్రూవ్‌మెంట్ రాసే వీలుందేమో కాలేజీలో అడగండి.

మూడు మెట్ల జాబితా

సంతకి వెళ్ళేముందు చీటీ రాసుకుంటాం కదా! అలాగే ఒక కాగితం మీద మూడు మెట్లు గీయండి.

పై మెట్టు: ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. ప్రొఫెసర్ మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించిన సంస్థ ఇది. ఇక్కడి ఎం.స్టాట్. ప్రవేశానికి గణితంలో లోతు ఉండి తీరాలి. ఐ.ఐ.టి.ల్లో చేరడానికి 'జామ్' పరీక్షలో మేథమెటికల్ స్టాటిస్టిక్స్ పేపరు రాయాలి. కాన్పూరులో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఉంది. వీటిలో ఒకదానికి ప్రయత్నించడం తప్పు కాదు. కానీ లెక్కల్లో తడబడిన అమ్మాయి వీటినే నమ్ముకుని ఏడాది ఖాళీగా కూర్చోవడం మంచిది కాదు.

మధ్య మెట్టు: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటివి. ఇక్కడ స్టాటిస్టిక్స్‌తో పాటు ఆపరేషన్స్ రిసెర్చ్ కలిపి చెబుతారు. సీటు కోసం జాతీయ స్థాయిలో జరిగే సి.యు.ఇ.టి. పి.జి. రాయాలి. ఇందులో తప్పు జవాబుకి మార్కు కోస్తారు. తెలియని ప్రశ్న వదిలేయడం కూడా నేర్చుకోవాలి.

అందే మెట్టు: తెలంగాణలో ఉస్మానియా నిర్వహించే సి.పి.జి.ఇ.టి., ఆంధ్రప్రదేశ్‌లో ఏ.పి. పి.జి.సెట్. వీటి ద్వారా ఉస్మానియా, విశాఖలో ఆంధ్ర, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, గుంటూరు దగ్గర నాగార్జున వంటి యూనివర్సిటీలకు దారి ఉంది. ప్రశ్నలు ఎక్కువగా డిగ్రీ పాఠాల్లోంచే వస్తాయి. మూడేళ్ళ పాఠ్యపుస్తకాలు మళ్ళీ శ్రద్ధగా తిరగేసిన అమ్మాయికి, మామూలు మార్కులున్నా సరే, మంచి ర్యాంకు అందని పండేమీ కాదు.

పై మెట్టు మీద ఒకటి, మధ్యలో ఒకటో రెండో, అందే మెట్టు మీద రెండు మూడు. ఇంతకన్నా ఎక్కువైతే చదువుకునే టైమంతా దరఖాస్తులకే పోతుంది.

ఇల్లు కదలలేని అమ్మాయిలకి, పెళ్ళై చదువు ఆగిపోయినవారికి ఇంకో దారి ఉంది. ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ దూరవిద్యలో ఎమ్మెస్సీ అప్లయిడ్ స్టాటిస్టిక్స్ నడుపుతోంది. పిల్లలు నిద్రపోయాక పుస్తకం తెరిచే ఓపిక ఉండాలే గాని, ఇది చిన్నచూపు చూడాల్సిన చదువు కాదు.

తేదీ దాటితే అంతే!

మార్కులున్నవారికీ తలుపులు మూసుకుపోతాయి. ప్రపంచం మెచ్చిన మన తెలుగు గణాంకవేత్త సి.ఆర్.రావుగారి సంగతే చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. లెక్కల్లో ఫస్ట్ ర్యాంకు. అయినా దరఖాస్తు ఆలస్యంగా చేరిందని పరిశోధన స్కాలర్‌షిప్ రాలేదు. ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అదీ దొరకలేదు. అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి 1941లో శిక్షణకి చేరారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. చిన్నప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదివించిన తల్లి లక్ష్మీకాంతమ్మగారికి ఆయన తన పుస్తకం ఒకటి అంకితమిచ్చారు. దీపం వెలిగించడంతో పాటు, దరఖాస్తు చివరి తేదీలు వంటింటి క్యాలెండర్ మీద రాసిపెట్టడం కూడా మనం చేయగల పనే.

అమెరికా మాట

ఎదురింటి అబ్బాయి వెళ్ళాడని మన అమ్మాయిని కూడా పంపేద్దామనుకుంటున్నారా? మన మూడేళ్ళ డిగ్రీని అక్కడి యూనివర్సిటీలన్నీ ఒప్పుకోవు. కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా మార్కులు ప్రత్యేకంగా చూస్తారు. మాస్టర్స్‌కి ఆర్థిక సాయం దొరకడం అరుదు. లెక్కల మార్కులు తక్కువగా ఉన్నప్పుడు ఇల్లు తాకట్టు పెట్టి పంపేకంటే, ఇక్కడ ఎమ్మెస్సీలో మంచి మార్కులు తెచ్చుకున్నాక ఆలోచించడం మేలు. ఆ రెండేళ్ళ మార్కులే పాత మార్కులకి సమాధానం చెబుతాయి.

సీటు రాకపోతే?

దిగులు పడకండి. యు.పి.ఎస్.సి. నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకి ఎమ్మెస్సీ తప్పనిసరి కాదు. స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా డిగ్రీ పాసై, 21 నుంచి 30 ఏళ్ళ లోపు వయసుంటే రాయవచ్చు. పరీక్ష కష్టమే, కానీ డిగ్రీ శాతం అడ్డు కాదు.

దరఖాస్తుకి ముందు

• అర్హత మార్కులు, కావలసిన సబ్జెక్టులు నోటిఫికేషన్‌లో స్వయంగా చూడండి.

• సీటు మామూలుదా, సెల్ఫ్ ఫైనాన్సా? హాస్టల్‌తో కలిపి రెండేళ్ళ ఖర్చు లెక్క వేయండి. స్కాలర్‌షిప్ వర్తిస్తుందో లేదో ముందే అడగండి.

• అదే డిపార్ట్‌మెంట్లో ఇప్పుడు చదువుతున్న ఒక అమ్మాయితో మాట్లాడించండి. పాఠాలు సక్రమంగా జరుగుతాయా, కంప్యూటర్ ల్యాబ్ పనిచేస్తుందా, చదివినవాళ్ళు ఏ ఉద్యోగాల్లో చేరారు అని అడగమనండి.

• డబ్బిస్తే సీటు ఖాయమనేవాళ్ళని గుమ్మం దగ్గరి నుంచే పంపించేయండి.

• ఇంటిపనిలో కొంత మీరు, కొంత అన్నదమ్ములు పంచుకుని, పరీక్ష అయ్యేవరకు అమ్మాయికి రోజుకి నాలుగు గంటలు వదిలిపెట్టండి.

చివరగా, "ఇన్ని తక్కువ మార్కులా!" అనే మాట ఇంట్లో ఒక్కసారే అనండి, అదీ తప్పదనుకుంటేనే. ఆ తర్వాత మాట్లాడాల్సింది వచ్చే పరీక్ష గురించే. పోయిన మార్కులు తిరిగి రావు. కానీ అందే మెట్టు మీద కాలు పెట్టిన అమ్మాయి, రెండేళ్ళ తర్వాత ఆ పై మెట్టు తానే వెతుక్కుంటుంది.