డిక్కీలో పెట్టిన ఫైర్ బాటిల్ ఎవరి కోసం?

మే నెల, మిట్టమధ్యాహ్నం. అమ్మని తీసుకుని హైదరాబాద్ నుంచి జగ్గయ్యపేట బయల్దేరా. మావయ్య కూతురి పెళ్లి. నార్కట్‌పల్లి దాటి సూర్యాపేట వైపు వెళ్తుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. పక్క పొలాల్లో ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకుని అద్దం ఎక్కించేశా. వాసన తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. కాసేపటికి బానెట్ అంచుల్లోంచి పొగ!

కారు ఎడమ పక్కకి తీసి ఇంజిన్ ఆపేశా. వెనక సీట్లో అమ్మ కునుకు తీస్తోంది. తనకి మోకాళ్ల నొప్పులు. లేపి, బెల్టు తీసి, చెయ్యి పట్టుకుని దింపి, దూరంగా చెట్టు కిందికి నడిపించేసరికి నా గుండె గొంతులోకి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది... నా దగ్గర ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉంది కదా!

ఉంది. కానీ డిక్కీలో. రెండు సూట్‌కేసులు, పెళ్లికిచ్చే స్టీలు సామాను, మామిడిపళ్ల బుట్ట... వాటన్నిటి అడుగున. సామానంతా రోడ్డు మీద పడేసి బయటికి తీశా. ఆఫర్‌లో కొన్న స్ప్రే డబ్బా అది. నొక్కితే బుస్సుమని నాలుగు చుక్కల నురగ వచ్చి ఆగిపోయింది. కొన్నాక ఒక్కసారి కూడా దాని మీద తేదీ చూడలేదు.

చేసేదేం లేక బానెట్ ఎత్తబోయా.

“తమ్ముడూ, ఎత్తకు! ఎత్తితే మంట మొహం మీదికొస్తది!”

వెనకాలే లారీ ఆపిన డ్రైవరన్న కేక అది. క్యాబిన్‌లోంచి ఎర్ర సిలిండర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కారు లోపలున్న లివర్ మాత్రం నన్ను లాగమన్నాడు. బానెట్ కాస్త పైకి లేచి, ఆ సందు దగ్గరే ఆగింది. నాజిల్ ఆ సందులో పెట్టి రెండుసార్లు కొట్టాడు. తెల్లటి పొడి మేఘంలా లేచింది. అంతే, మంట ఆగింది. వెంటనే బానెట్ ఎత్తలేదు, కాసేపు చూశాడు. తర్వాత బ్యాటరీ వైరు ఊడదీశాడు. చివర్లో నా డబ్బా వంక చూసి, “ఇది సెంటు సీసా తమ్ముడూ, ఫైర్ బాటిల్ కాదు” అన్నాడు.

తప్పు ఎవరిదంటే నాదే. బాగా వెలుగొస్తుందని ఎక్స్‌ట్రా లైట్లు పెట్టించుకున్నా. ఫ్యూజ్ లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి లాగిన వైరు రాసుకుని, వేడెక్కి అంటుకుంది. మెకానిక్ చూపించేదాకా నాకు తెలీదు. ఆ తర్వాత చదివి, షాపుల చుట్టూ తిరిగి, నలుగురిని అడిగి నేర్చుకున్నవి ఇవి.

ఏది కొనాలి?

మామూలు కారుకి 1 కేజీ ఏబీసీ డ్రై పౌడర్ సిలిండర్ సరిపోతుంది. ‘ఏ’ అంటే సీటు, బట్ట, ప్లాస్టిక్ లాంటివి. ‘బీ’ అంటే పెట్రోల్, డీజిల్, ఆయిల్. ‘సీ’ అంటే గ్యాస్. కారులో మంట ఈ మూడింటిలో దేనికైనా అంటుకోవచ్చు. ఈ పొడికి కరెంటు పారదు కాబట్టి వైరింగ్ మంట మీదా కొట్టొచ్చు. నీళ్లతో ఆ పని చేయలేం. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే పెట్రోల్ నీటి మీద తేలి ఇంకా పాకుతుంది.

కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ బరువెక్కువ. పైగా రోడ్డు మీద గాలికి గ్యాస్ చెదిరిపోతుంది. పొడి మిగల్చని క్లీన్ ఏజెంట్ రకాలు మంచివే కానీ ఖరీదెక్కువ. ఏబీసీ పౌడర్‌తో ఉన్న చిక్కల్లా తర్వాత శుభ్రం చేసుకోవడమే. ఇంజిన్ దగ్గర ఆ పొడి అలాగే వదిలేస్తే లోహాన్ని తినేస్తుంది. కారు కాలిపోవడం కంటే సర్వీసింగ్ బిల్లు నయం కదా! 1 కేజీ సిలిండర్ ధర ఒక ఫుల్ ట్యాంక్ పెట్రోల్ కంటే తక్కువే.

షాపులో ఏం చూడాలి?

ఒకటి, ఐఎస్ఐ గుర్తు, దానితోపాటు ఐఎస్ 15683 అనే నంబర్. మోసుకెళ్లే ఎక్స్‌టింగ్విషర్లకి మన దేశ ప్రమాణం అదే. గుర్తు దగ్గరుండే లైసెన్స్ నంబర్‌ని ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో నకిలీదో తెలిసిపోతుంది.

రెండు, ప్రెజర్ మీటర్. ముల్లు ఆకుపచ్చ గీత మీద ఉండాలి. మీటరే లేని డబ్బాలో ప్రెజర్ ఉందో పోయిందో మనకి తెలిసే దారి లేదు. నేను మోసపోయింది అక్కడే.

మూడు, తయారీ తేదీ, ఎంత వేడి వరకు తట్టుకుంటుందనే వివరం. మన ఎండల్లో పార్క్ చేసిన కారు లోపల ఎలా ఉడుకుతుందో కొత్తగా చెప్పక్కర్లేదు.

నాలుగు, ఇనుప బ్రాకెట్. అది లేకుండా కొనకండి.

ఎక్కడ పెట్టాలి?

నాకు అన్నిటికంటే ఖరీదైన పాఠం ఇదే. సొంత కారులో ఎక్స్‌టింగ్విషర్ ఉండి తీరాలని మన దగ్గర రూల్ లేదు. అందుకే కొన్నవాళ్లు కూడా దాన్ని స్టెప్నీ పక్కన పడేసి మర్చిపోతారు. ముందు సీటు అంచు దగ్గర, కూర్చున్నచోటి నుంచే చెయ్యి అందేలా బ్రాకెట్‌తో బిగించండి. ఊరికే సీటు కింద దొర్లనివ్వొద్దు. బ్రేక్ పెడల్ కిందికి దొర్లిందంటే మంట లేకుండానే ప్రమాదం. సడన్ బ్రేక్ వేస్తే ఎగిరొచ్చి తగులుతుంది కూడా. నేరుగా ఎండ పడే డ్యాష్‌బోర్డ్ మీద అసలే వద్దు.

నెలకోసారి ముల్లు చూడండి. కుదుపులకి పొడి అడుగున గట్టిపడే అవకాశం ఉంది కాబట్టి సిలిండర్‌ని తలకిందులు చేసి కదపండి. ఒక్కసారి కొంచెం వాడినా సరే, రీఫిల్ చేయించాలి. వాల్వ్‌లో పొడి ఇరుక్కుని ప్రెజర్ మెల్లగా జారిపోతుంది.

ఎలా వాడాలి?

పిన్ లాగాలి. నాజిల్‌ని మంట మొదలు వైపు గురిపెట్టాలి, పైన ఎగిసే జ్వాల వైపు కాదు. హ్యాండిల్ నొక్కాలి. అటూ ఇటూ ఊపుతూ కొట్టాలి. గాలి మన వీపు వైపు నుంచి వీచేలా నిలబడాలి. 1 కేజీ సిలిండర్ మొత్తం ఖాళీ అవ్వడానికి పట్టేది పది సెకన్లు, అటూ ఇటూ. రెండో ఛాన్స్ ఉండదు. అందుకే వీడియో తీయడం ఆపి, ముందు లేబుల్ మీద బొమ్మలు ఇవాళే చూసిపెట్టుకోండి.

ఎప్పుడు పరిగెత్తాలి?

ముందు మనుషులు దిగాలి. తర్వాతే సిలిండర్. మంట కారు లోపలికి వచ్చేసినా, పెట్రోల్ ట్యాంక్ వైపు ఉన్నా, సీఎన్‌జీ సిలిండర్ దగ్గర ఉన్నా హీరోయిజం వద్దు. దూరంగా వెళ్లి 101కో 112కో ఫోన్ చేయండి. నేషనల్ హైవే మీద ఉంటే 1033 కూడా ఉంది. ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీయే అంటుకుంటే ఈ చిన్న సిలిండర్ దాన్ని ఆపలేదు. ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకుంటుంది. అది ఫైర్ ఇంజిన్ వాళ్ల పని. పది సెకన్లలో లొంగని మంట ఇక మన చేతిలో లేనట్టే.

ఆరోజు వేరే కారు మాట్లాడుకుని రాత్రికి పెళ్లికి చేరాం. డ్రైవరన్నకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. “రీఫిల్‌కైనా ఉంచన్నా” అని జేబులో పెట్టబోతే, “నువ్వు మంచిది కొనుక్కో, ఇంకోడికి ఆపు” అని లారీ ఎక్కేశాడు.

కొత్త సిలిండర్ బిగించాక అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టి, “అందుతోందా?” అని అడిగా. మొదటిసారి అందలేదు. బ్రాకెట్ నాలుగు వేళ్లు ముందుకి జరిపించా. ఇప్పుడు అందుతోంది. నేను లేనప్పుడు కూడా.