యూనిట్ – 9: ఒక్కరే ఇల్లు కొనేటప్పుడు – ఎక్కడ సర్దుకోవాలి, ఎక్కడ సర్దుకోకూడదు?

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 ఒక్కరి కొనుగోలు ఎందుకు వేరు?
9.3 మోయగలిగిన ధరను లెక్కించడం
9.4 కోరికలను మూడు వర్గాలుగా విభజించడం
9.5 సమాన మార్పిడి పద్ధతి: ఒక ఉదాహరణ
9.6 కొన్న తరువాత: వీలునామా, బీమా
9.7 సారాంశం
9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి
9.9 ముఖ్య పదాలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• ఒకే ఆదాయంతో ఇల్లు కొనేవారికి ఎదురయ్యే ప్రత్యేక సమస్యలను వివరించగలుగుతారు.
• బ్యాంకు ఇవ్వగల రుణానికీ, కొనుగోలుదారు మోయగల రుణానికీ గల తేడాను లెక్కించి చూపగలుగుతారు.
• రాజీ పడకూడని అంశాలను, బేరమాడదగిన అంశాలను, వదిలేయదగిన అంశాలను వేరుచేయగలుగుతారు.
• సమాన మార్పిడి పద్ధతిలో రెండు ఇళ్లను పోల్చగలుగుతారు.

9.1 పరిచయం

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అని సామెత. ఈ రెండు పనులూ ఒక కుటుంబం మొత్తం కలిసి మోసే భారాలని ఆ మాటలోనే ఉంది. ఇంటికి సగం డబ్బు ఒకరు తెస్తే మిగతా సగం మరొకరు తెస్తారు. ఒకరు బ్యాంకు చుట్టూ తిరిగితే మరొకరు మేస్త్రీ చుట్టూ తిరుగుతారు. కాని నేడు పెళ్లి చేసుకోనివారు, భర్తను లేదా భార్యను కోల్పోయినవారు, విడాకులు తీసుకున్నవారు కూడా తమ పేరుతో తామే ఇల్లు కొంటున్నారు. వీరికి సలహాలు చెప్పేవారు చాలామంది ఉంటారు కాని వాయిదా కట్టేవారు ఒక్కరే.

గత యూనిట్‌లో కొరత, ఎంపిక, అవకాశ వ్యయం అనే భావనలను తెలుసుకున్నారు. ఆ భావనలను ఈ యూనిట్‌లో జీవితంలోని అతిపెద్ద కొనుగోలుకు అన్వయిద్దాం.

9.2 ఒక్కరి కొనుగోలు ఎందుకు వేరు?

ఒక్కరే కొనేటప్పుడు మూడు విషయాలు మారుతాయి.

మొదటిది ఆదాయం. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒకరి ఉద్యోగం పోయినా రెండో జీతం కొంతకాలం వాయిదాను నిలబెడుతుంది. ఒక్కరి విషయంలో ఆదాయం తగ్గితే ఒకేసారి సున్నాకు తగ్గుతుంది. అందువల్ల వీరికి అత్యవసర నిధి మరింత అవసరం.

రెండోది సమయం. నీటి ట్యాంకరు, కరెంటు మరమ్మతు, రిజిస్ట్రేషన్ కార్యాలయం, అపార్టుమెంటు సంఘం సమావేశం – అన్నింటికీ వెళ్లవలసింది ఒక్కరే. ప్రయాణ సమయం, ఇంటి నిర్వహణ శ్రమ వీరికి ఎక్కువ ఖరీదైనవి.

మూడోది నిర్ణయం. ఇద్దరున్నచోట రాజీ ఇద్దరి ఇష్టాల మధ్య జరుగుతుంది. ఒక్కరే ఉన్నచోట రాజీ నేటి తనకూ, పదిహేనేళ్ల తరువాతి తనకూ మధ్య జరుగుతుంది. ఆ రెండో వ్యక్తి తరఫున మాట్లాడేవారు గదిలో ఉండరు. ఆ లోటును తీర్చడానికే కాగితం మీద రాసి ఆలోచించే పద్ధతి ఉపయోగపడుతుంది.

అయితే ఒక అనుకూలత కూడా ఉంది. ఎవరినీ ఒప్పించవలసిన అవసరం లేదు. తూర్పు ముఖం ఇల్లే కావాలా, మూడు పడకగదులు కావాలా అన్నది కొనేవారు తమ అవసరాన్ని బట్టి తేల్చుకోవచ్చు.

9.3 మోయగలిగిన ధరను లెక్కించడం

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కళాశాలలో పనిచేసే అధ్యాపకురాలిని ఊహించుకుందాం. వయస్సు 38. తల్లి ఆమె దగ్గరే ఉంటుంది. చేతికి వచ్చే జీతం నెలకు రూ. 70,000. ప్రస్తుత ఇంటి అద్దె రూ. 14,000. అద్దె కాక ఇతర ఖర్చులు రూ. 30,000. పొదుపు రూ. 18 లక్షలు. (ఈ యూనిట్‌లోని జీతం, ఇళ్ల ధరలు ఉదాహరణ కోసం తీసుకున్నవి.)

వాయిదా జీతంలో 35 శాతం మించకూడదని ఆమె నిర్ణయించుకుంది. అంటే సుమారు రూ. 24,500. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు అయితే లక్ష రూపాయల రుణానికి నెలవాయిదా సుమారు రూ. 900. ఈ లెక్కన ఆమె మోయగల రుణం రూ. 27 లక్షలు, వాయిదా రూ. 24,300.

బ్యాంకు ఇంతకంటే ఎక్కువ ఇస్తామనవచ్చు. జీతంలో సగం వరకు వాయిదాకు లెక్కగడితే అర్హత దాదాపు రూ. 39 లక్షలు అవుతుంది. ఆ అర్హత బ్యాంకు తన డబ్బు తిరిగి రావడాన్ని చూసుకుని వేసిన అంచనా. తల్లి ఆసుపత్రి ఖర్చు అందులో ఉండదు.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రుణం రూ. 30 లక్షల వరకు అయితే ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు అయితే 80 శాతం, ఆపైన అయితే 75 శాతం మించకూడదు. ఈ విలువలో స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను సాధారణంగా కలపరు. తెలంగాణలో అపార్టుమెంటు కొనుగోలుకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ఈ మొత్తం చేతి నుంచే పెట్టుకోవాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం:
• అత్యవసర నిధి: ఆరు నెలల ఖర్చు, వాయిదా కలిపి సుమారు రూ. 3.25 లక్షలు. ఇది ముట్టుకోరాదు.
• మిగిలిన పొదుపు: రూ. 14.75 లక్షలు.
• రుణంతో కలిపి చేతిలో ఉన్నది: రూ. 41.75 లక్షలు.
• మరమ్మతులు, సామాను తరలింపు వగైరా: రూ. 1.5 లక్షలు.
• మిగిలిన రూ. 40.25 లక్షల్లో ధర, దానిపై 7.5 శాతం ఇమడాలి.

కాబట్టి ఆమె గరిష్ఠ ధర సుమారు రూ. 37 లక్షలు. ఇల్లు చూడక ముందే ఈ అంకె రాసుకోవాలి. ఇల్లు నచ్చిన తరువాత లెక్క మొదలుపెడితే లెక్కే ఇంటికి తగ్గట్టు వంగుతుంది.

రెండు పరీక్షలు కూడా చేయాలి. వడ్డీ 10 శాతానికి పెరిగితే అదే రుణంపై వాయిదా సుమారు రూ. 26,050 అవుతుంది. ఆ భారం ఓపగలదా? రెండోది గడువు. దాన్ని 30 ఏళ్లకు పెంచితే వాయిదా రూ. 21,700కు తగ్గుతుంది కాని మొత్తం వడ్డీ సుమారు రూ. 31 లక్షల నుంచి 51 లక్షలకు పెరుగుతుంది. పైగా 68వ ఏట వరకు కడుతూ ఉండాలి. వ్యక్తులు తీసుకున్న చరవడ్డీ గృహరుణాన్ని ముందుగా తీర్చినా బ్యాంకు జరిమానా వేయరాదు కాబట్టి, మిగులు ఉన్నప్పుడల్లా అసలు తగ్గించుకోవచ్చు.

9.4 కోరికలను మూడు వర్గాలుగా విభజించడం

అమెరికన్ ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1978లో నోబెల్ బహుమతి పొందారు. మనిషికి ఉన్న సమాచారం, సమయం, లెక్కించే శక్తి పరిమితమైనవి కాబట్టి అతడు అత్యుత్తమమైనదాని కోసం అంతులేకుండా వెతకడనీ, ముందుగా పెట్టుకున్న కనీస ప్రమాణాలను అందుకున్నదాన్ని ఎంచుకుంటాడనీ సైమన్ వివరించారు. ఇల్లు కొనేవారికి ఈ ఆలోచన చాలా ఉపయోగకరం. కనీస ప్రమాణాలు ఏవో తేల్చుకోవడానికి ప్రతి అంశాన్నీ ఒక ప్రశ్న అడగాలి: దీన్ని తరువాత మార్చుకోగలనా?

(అ) రాజీ పడకూడనివి: మార్చలేనివి, మారకపోతే మునిగిపోయేవి ఈ వర్గంలోకి వస్తాయి. హక్కు పత్రాలు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఆమోదిత ప్లాను, నివాసయోగ్యతా పత్రం ఇందులో ముఖ్యమైనవి. ధర తక్కువ అని పత్రాల లోపాన్ని ఒప్పుకోవడం రాజీ కాదు, జూదం. నిర్మాణంలో ఉన్న ఇల్లయితే ఆ ప్రాజెక్టు రెరాలో నమోదైందో లేదో చూడాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం అమ్మకపు ఒప్పందం రాసుకుని రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డరు తీసుకోరాదు. కొనుగోలుదారుల నుంచి వసూలైన మొత్తంలో 70 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. నిర్మాణ లోపాలకు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ల వరకు బిల్డరే బాధ్యుడు. రాత్రి పూట దారి భద్రత, నీటి వసతి, 9.3లో వేసిన ధర పరిమితి కూడా ఈ వర్గంలోనివే.

(ఆ) బేరమాడదగినవి: విస్తీర్ణం, దూరం, అంతస్తు, భవనం వయస్సు. వీటిలో ఒకటి తగ్గించుకుంటే మరొకటి దక్కుతుంది. విస్తీర్ణాన్ని పోల్చేటప్పుడు కార్పెట్ ఏరియాతోనే పోల్చాలి. ఇందులో లోపలి గోడలు చేరతాయి. బయటి గోడలు, బాల్కనీ చేరవు. మెట్లు, కారిడార్లు కలిపి చెప్పే సూపర్ బిల్టప్ ఏరియాతో పోలిస్తే మోసపోతాం.

(ఇ) వదిలేయదగినవి: రంగులు, టైల్సు, వంటగది అల్మారాలు, క్లబ్‌హౌసు. వీటిని తరువాత చేయించుకోవచ్చు, లేదా లేకుండా గడపవచ్చు. ఇల్లు చూడగానే మొదట కంటికి ఆనేవి ఇవే కాబట్టి జాగ్రత్త అవసరం.

9.5 సమాన మార్పిడి పద్ధతి: ఒక ఉదాహరణ

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీకి రాసిన ఉత్తరంలో ఒక పద్ధతి సూచించాడు. ఒక నిర్ణయానికి అనుకూల, ప్రతికూల కారణాలను రెండు వరుసల్లో రాసి, సమాన బరువున్న వాటిని ఇటూ అటూ కొట్టివేసి, చివరికి ఏం మిగిలిందో చూడాలి. దీన్నే పెంపొందించి, ఒక లోటును డబ్బు రూపంలోకి మార్చి రెండు వైపులా సమానం చేసే పద్ధతిని 'సమాన మార్పిడి' అంటారు.

మన అధ్యాపకురాలి ముందు మూడు ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం. మూడింటికీ పత్రాలు సరిగానే ఉన్నాయి.

పట్టిక 9.1

| అంశం | మొదటిది | రెండోది | మూడోది |
|---|---|---|---|
| ధర (రూ. లక్షలు) | 36 | 37 | 34 |
| కార్పెట్ ఏరియా (చ.అ.) | 640 | 720 | 520 |
| పడకగదులు | 2 | 2 | 1 |
| కళాశాలకు ప్రయాణం (నిమిషాలు) | 75 | 20 | 35 |
| లిఫ్టు | ఉంది | లేదు, మూడో అంతస్తు | ఉంది |
| భవనం | రెండేళ్లలో పూర్తవుతుంది | 22 ఏళ్లు | 8 ఏళ్లు |

మొదటి మెట్టు: పరిమితి దాటేదాన్ని తీసివేయడం. మొదటి ఫ్లాటు ధర తక్కువగానే కనిపిస్తుంది. కాని రెండేళ్ల పాటు అద్దె కట్టాలి. అది రూ. 3.36 లక్షలు. 1 శాతం జీఎస్టీ రూ. 36,000 కలిపితే అసలు భారం రూ. 39.72 లక్షలు. అద్దె నడుస్తుండగానే పూర్తి వాయిదా మొదలైతే నెలకు చేతిలో మిగిలేది రూ. 1,700 మాత్రమే. నిర్మాణం ఒక ఏడాది ఆలస్యమైతే అద్దె మరో రూ. 1.68 లక్షలు. ఇద్దరు సంపాదించే కుటుంబం ఈ ఆలస్యాన్ని తట్టుకోగలదేమో కాని ఆమె తట్టుకోలేదు. ప్రయాణంలోనూ రెండో ఫ్లాటుతో పోలిస్తే రోజుకు 110 నిమిషాలు ఎక్కువ. నెలకు 25 పనిదినాలు అనుకుంటే సుమారు 46 గంటలు. మొదటి ఫ్లాటు పోటీ నుంచి తొలగింది.

రెండో మెట్టు: మిగిలిన రెండింటిని సమానం చేయడం. మూడో ఫ్లాటుకు ప్రయాణం 15 నిమిషాలు ఎక్కువ. 'ఈ 15 నిమిషాలు తగ్గడానికి ఎంత ఇస్తాను?' అని ఆమె తననే అడిగింది. లక్ష అనుకుంది. రెండో పడకగదికి మూడు లక్షలు అనుకుంది. ఇవి కలిపితే మూడో ఫ్లాటు విలువ 34 నుంచి 38 లక్షలకు చేరింది. రెండో ఫ్లాటు పాతది కాబట్టి పైపులు, వైరింగు మార్చడానికి లక్ష కలిపితే అది కూడా 38 లక్షలే. రెండూ సమానమయ్యాయి. మిగిలింది లిఫ్టు ఒక్కటే.

మూడో మెట్టు: ధర కట్టలేని అంశాన్ని గుర్తించడం. లిఫ్టు లేనందుకు ఎంత తగ్గిస్తే ఒప్పుకుంటానని అడిగితే ఆమెకు జవాబు దొరకలేదు. తల్లికి మోకాళ్ల నొప్పులు. మూడో అంతస్తు నుంచి ఆమె దిగడం మానేస్తుంది. గుడికి, కూరగాయలకు, పక్కింటివాళ్ల దగ్గరకు వెళ్లడం మానేస్తుంది. రెండు లక్షలు తగ్గినా, నాలుగు లక్షలు తగ్గినా ఆ లోటు తీరదు. అంటే లిఫ్టును ఆమె పొరపాటున 'బేరమాడదగినవి' వర్గంలో రాసుకుంది. అది నిజానికి మొదటి వర్గంలోనిది. ఈ పద్ధతి వల్ల కలిగే పెద్ద ప్రయోజనం ఇదే. ఏ అంశానికి ధర చెప్పలేకపోతామో అదే మనం రాజీ పడలేని అంశమని తెలిసిపోతుంది.

మూడో ఫ్లాటును ఎంచుకుంటే వదులుకునేది కూడా నిజమైనదే. గది తల్లిదవుతుంది, ఆమె హాల్లో పడుకోవాలి. చుట్టాలు వస్తే ఇరుకు. దానికి ప్రతిఫలంగా రుణం రూ. 23.3 లక్షలకు, వాయిదా రూ. 20,970కి తగ్గుతాయి. నెలకు రూ. 3,330 మిగులుతుంది. ఇరుకును తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక ఇరుక్కోవడం వేరు.

ఈ మూడూ నచ్చకపోతే కొనకుండా ఆగడం కూడా ఒక ఎంపికే. ఆ ఎంపికకు అద్దె, ధరల పెరుగుదల అనే ఖర్చు ఉంటుంది కాని అది అవమానం కాదు. 'ఈ వయస్సుకైనా సొంతిల్లు లేకపోతే ఎలా?' అనే మాటకు పట్టికలో గడి లేదు.

9.6 కొన్న తరువాత: వీలునామా, బీమా

ఒక్కరి పేరుతో ఉన్న ఇంటికి వారసత్వ ప్రశ్న తప్పక వస్తుంది. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం సంతానం లేని వితంతువు వీలునామా రాయకుండా మరణిస్తే, ఆమె సొంత సంపాదనతో కొన్న ఆస్తి మొదట ఆమె భర్త వారసులకు చెందుతుంది. ఆమె తల్లిదండ్రులు ఆ తరువాతి వరుసలో ఉంటారు. వృద్ధురాలైన తల్లి కూతురి ఇంట్లో ఉంటున్నా, చట్టం వరుస మారదు. దీన్ని మార్చగలిగేది వీలునామా ఒక్కటే. దాన్ని తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాని చేయించుకోవడం మంచిది.

వాయిదా కట్టే వ్యక్తి మరణిస్తే ఆధారపడినవారు ఇల్లు కోల్పోకుండా రుణానికి సరిపడా టర్మ్ బీమా కూడా తీసుకోవాలి.

9.7 సారాంశం

ఒక్కరే ఇల్లు కొనేటప్పుడు రెండో జీతం, రెండో మనిషి సమయం, రెండో అభిప్రాయం ఉండవు. అందువల్ల ఇల్లు చూడక ముందే గరిష్ఠ ధరను తేల్చుకోవాలి. తరువాత మార్చుకోగలనా అనే ప్రశ్నతో కోరికలను మూడు వర్గాలు చేయాలి. బేరమాడదగిన అంశాలను సమాన మార్పిడి పద్ధతిలో డబ్బులోకి మార్చి పోల్చాలి. ధర కట్టలేని అంశం కనిపిస్తే దాన్ని రాజీ పడకూడని వర్గంలోకి మార్చాలి.

9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి

I. కింది ప్రశ్నలకు ఐదు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. బ్యాంకు చెప్పే రుణ అర్హతను మోయగల రుణంగా ఎందుకు భావించకూడదు?
2. నిర్మాణంలో ఉన్న ఇంటిని ఒకే ఆదాయంతో కొనేవారికి అదనంగా ఉండే నష్టభయం ఏమిటి?

II. కింది ప్రశ్నలకు వివరంగా సమాధానాలు రాయండి.
1. సమాన మార్పిడి పద్ధతిని పట్టిక 9.1 ఆధారంగా వివరించండి. తల్లి ఆమె దగ్గర ఉండకపోతే ఎంపిక మారుతుందా? కారణాలు రాయండి.
2. మీ కుటుంబ ఆదాయ వ్యయాలను తీసుకుని 9.3లోని పద్ధతిలో గరిష్ఠ ధరను లెక్కించండి.

9.9 ముఖ్య పదాలు

అవకాశ వ్యయం: ఒకదాన్ని ఎంచుకున్నందువల్ల వదులుకున్న తదుపరి ఉత్తమ ప్రయోజనం.
ఈసీ: ఆస్తిపై నమోదైన అమ్మకాలు, తనఖాల వివరాలు తెలిపే ధ్రువపత్రం.
కార్పెట్ ఏరియా: ఫ్లాటు లోపల వాస్తవంగా వాడుకోగల నేల విస్తీర్ణం.
చరవడ్డీ: మార్కెట్ రేట్లతో పాటు మారే వడ్డీ.