నీటికీ నేలకూ ఒకే బండి

"చిన్నది కొనమంటావా, పెద్దది కొనమంటావా మామయ్యా?" అని అమెరికాలో వున్న మా మేనల్లుడు ఫోనులో అడిగితే, ఇల్లు కొంటున్నాడు కాబోలు అనుకొన్నాను. "పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు గదా, పెద్దదే కొను" అన్నాను. వాడు పకపకా నవ్వాడు. వాడు అడిగింది ఇంటి సంగతి కాదు, బండి సంగతి. అదీ మామూలు బండి కాదు. నేలమీద నడుస్తుంది, బురదలో దిగబడదు, నీళ్ళు అడ్డమొస్తే దిగి తేలుతూ పోతుంది. గోదావరి వరదలలో మా భద్రాచలం చుట్టుపట్ల పల్లెలకు పనికి వచ్చేటట్టు అటువంటి దొకటి కొని ఇవ్వాలని వాడూ, వాడి స్నేహితులూ చందాలు పోగుచేశారట. కాస్త హంగులున్న పెద్దది ఒకటి కొనే డబ్బుతో చిన్నవి సుమారు రెండు వస్తాయట. ఏది మేలో నేను చెప్పాలట.

ముప్పయ్యేళ్ళు బడిపిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. బండ్ల సంగతి నాకేం తెలుసు? కాని గోదావరి సంగతి కొంచెం తెలుసును.

మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా మూడు అంకెలు కంఠతా వచ్చు. నది 43 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టు 16న గోదావరి ఇక్కడ 75.6 అడుగులు ఎక్కింది. ఇరవై ఏడు లక్షల క్యూసెక్కుల నీరు పారింది. మళ్ళీ 2022 జూలై 16న 71.3 అడుగులు చూశాము. ఆనాడు కరకట్ట వున్నది కాబట్టి పట్నం చాలావరకు నిలిచింది గాని, వంతెనమీద రాకపోకలు ఆపేశారు. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్‌గారు ప్రారంభించిన వంతెన అది. అవతల సారపాక, ఇవతల భద్రాచలం, మధ్య సముద్రంలాగా గోదావరి. కింద కూనవరం దగ్గర గోదావరి ఎగదన్నితే శబరి నీళ్ళు వెనక్కు తిరిగి చింతూరు వైపు పొలాలన్నీ ముంచేశాయి.

1986 నాటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. పెద్దవాడు చంకలో పిల్లవాడు. పల్లపు వీధిలో ఇల్లు. తెల్లవారేసరికి నీళ్ళు గడప దాటాయి, మధ్యాహ్నానికి కిటికీలు మునిగాయి. డాబామీదికి చేరాము. మా నాన్నగారు, అమ్మ, నేను, మా ఆవిడ, పిల్లవాడు, పక్కింటి ముసలమ్మగారు, ఆవిడ మనుమరాలు. దూరంగా ఒక లాంచీ పోతూ కనపడింది. కేకలు వేశాము. వాళ్ళూ చేతులూపారు. కాని మా వీధిలోకి ఎలా వస్తుంది? ఇటు గోడలు, అటు గోడలు, పైన కరెంటు తీగెలు. అది అట్లాగే పోయింది.

సాయంత్రం ఒక చిన్న నాటుపడవ వచ్చింది. గడ వేసేవాడు గాక నలుగురు పడతారు. "చీకటి పడేలోగా మళ్ళీ వస్తాను" అన్నాడు. ఎవరు ఎక్కాలి? నాన్నగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పిల్లవాడూ తల్లీ, నేనూ, పక్కింటి పిల్లా అన్నారు. నేను కాదన్నాను. "కోడలు పసివాడితో ఒంటరిగా ఎక్కడికి పోతుందిరా?" అని కసిరారు. ఎక్కాను.

ఆ రాత్రి ఉరవడి పెరిగింది. పడవ రెండోసారి పోలేకపోయింది. ఎత్తుమీది బడిలో చాపమీద కూర్చుని తెల్లవార్లూ వాన చప్పుడు విన్నాను. పొద్దున్నే ముగ్గురినీ తెచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. నాన్నగారు తరువాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ మాత్రం ఒకసారి, "నిన్నేమీ అనుకోలేదురా, ఆ పడవ ఇంకో మూరెడు పెద్దదైతే ఏం పోయిందీ అనుకొన్నాను" అన్నది.

కాబట్టి మేనల్లుడి ప్రశ్న నాకు వేళాకోళంగా తోచలేదు. నెల రోజులు చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను.

ఈ చిన్నా పెద్దా తగవు కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్ళు రెండు రకాలూ చేసి చూశారు. చిన్నది ఫోర్డువారి నీటి జీపు. మామూలు జీపుకు పడవ ఒళ్ళు తొడిగారన్న మాట. పన్నెండు వేల పైచిలుకు చేశారు. తీరా చూస్తే బరువెక్కువ, నీటిపైన మిగిలే అంచు తక్కువ. కాస్త అల లేస్తే లోపలికి నీళ్ళు. సిపాయిలకు దానిమీద నమ్మకం పోయింది. పెద్దది 'డక్' అనే ఆరు చక్రాల లారీ. రెండున్నర టన్నుల బరువు మోస్తుంది, నీళ్ళు తోడే పంపులున్నాయి, నడుపుతూనే టైర్లలో గాలి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. సుమారు ఇరవై ఒక్క వేలు చేశారు. 1943లో సిసిలీలోనూ, 1944లో నార్మండీలోనూ సముద్రం మీది ఓడల నుంచి సరుకులు తిన్నగా ఒడ్డుకు చేరవేసింది అదే.

అయితే చిన్నదాన్ని తీసిపారేయడానికీ వీల్లేదు. మన హిందూదేశపు సైన్యంలో పనిచేసిన బెన్ కార్లిన్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు 1946లో ఇక్కడే ఒక నీటి జీపును చూసి, దీంతో ప్రపంచం చుట్టి వస్తానన్నాడు. అందరూ పిచ్చివాడనుకొన్నారు. 1950లో అట్లాంటిక్ సముద్రంలో దిగి 1958లో చుట్టు ముగించాడు. ఆ బండికి పెట్టుకొన్న పేరు 'సగం క్షేమం'. పేరులోనే వున్నది గదా నిజం! పైగా అతడు తోచినట్టల్లా అదనపు పెట్రోలు తొట్లు తగిలించి, పైకప్పు వేసి, దాన్ని వేరే బండిగా మార్చుకొన్నాడు.

పెద్దదానికీ దిష్టి తగలకపోలేదు. 2018 జూలైలో అమెరికాలో బ్రాన్సన్ అనే ఊళ్ళో, యాత్రికులను తిప్పే డక్ బండి ఒకటి గాలివానలో చెరువులో మునిగిపోయింది. ఎక్కిన ముప్పయి ఒక్క మందిలో పదిహేడుమంది పోయారు. పైన కప్పు వుండటంతో బయట పడటం కష్టమైంది. మన కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన సంగతి మనం మరిచిపోగలమా? చిన్నదైనా పెద్దదైనా నీటికి మొహమాటం లేదు.

ఇక మా మేనల్లుడు చూసిన బండ్లు. కెనడాలో 1967 నుంచి తయారవుతున్న రకం. చిన్నదానికి ఆరు చక్రాలు, పెద్దదానికి ఎనిమిది. అన్ని చక్రాలూ తిరుగుతాయి. ముందు చక్రాలు పక్కకు తిరగవు. ఒక పక్క చక్రాలను ఆపితే బండి అటు మళ్ళుతుంది. నాగలి దున్నేటప్పుడు లోపలి ఎద్దును నిలిపి బయటి ఎద్దును అదిలిస్తే మలుపు తిరిగినట్టే. టైర్లు బుడగల్లాగా మెత్తగా వుంటాయి. వాటి గాళ్ళే నీళ్ళలో తెడ్లు. ఎనిమిది చక్రాలది పొడుగు కాబట్టి బరువు పరుచుకొంటుంది, ఒండ్రుమట్టిలో తక్కువ దిగబడుతుంది, చిన్న కాలువలను ఇట్టే దాటుతుంది. ఆరు చక్రాలది ఇరుకు సందులలో తేలికగా తిరుగుతుంది, ఇరుక్కుంటే నలుగురు పట్టి లాగవచ్చు.

మన సైన్యంవారు ఇంతకంటె పెద్దవి తెచ్చుకొన్నారు. మనిషెత్తు టైర్లున్న ఆటార్ అనే బండ్లు తొంభై ఆరింటికి ఆర్డరు పెట్టారు. పన్నెండు వందల కిలోలు మోస్తుంది. 2025లో పంజాబు వరదలలో మనుషులను గట్టెక్కించింది. కాని అటువంటిది ఒక ఊరివాళ్ళు కొని పోషించుకొనే వస్తువా?

ఒక సంగతి మాత్రం అన్నిటికీ సమానం. చక్రాల తెడ్లతో నీటిమీద వీటి వేగం గంటకు అయిదారు కిలోమీటర్లు, అంటే మనిషి నడక. ఈ మాట ముప్పయ్యేళ్ళు గోదావరిమీద పడవ నడిపిన ఒక పెద్దాయనకు చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "పంతులుగారూ, వరదొచ్చిన గోదారి మనిషి నడక నడుస్తదా? గుర్రమోలె ఉరుకుతది. దీన్ని నడిగోదారిలో దింపితే రాజమండ్రిలో వెతుక్కోవాలె" అన్నాడు.

"అయితే ఎందుకూ పనికిరాదా?" అన్నాను.

"ఎందుకు రాదు? ఎగదన్నిన నీళ్ళకు ఉరవడి వుండదు. పొలాల మీద, డొంకల్లో అడుగు నీళ్ళు, అడుగు బురద వుంటది చూడండి, అక్కడ మా పడవ నేల తట్టి ఆగుతది, ట్రాక్టరు దిగబడతది. దీని పని అక్కడ. ఎంతమందిని ఎక్కించినా అంచుకూ నీళ్ళకూ మధ్య జానెడు మిగలాలె. మిగలకపోతే ఎక్కిన తండ్రినైనా దింపాలె."

ఆ చివరి మాట నాకు గుచ్చుకొన్నది. ఆయనకు నా కథ తెలియదు.

ఇంటికి వచ్చి కాగితం తీసి లెక్క వేశాను. మా ఆవిడ కాఫీ పెట్టి, "అదంతా సరే, నీళ్ళమీద ఎంతమంది పడతారు?" అన్నది.

"చిన్నదానిలో ఇద్దరు, పెద్దదానిలో నలుగురు."

"నడిపేవాడితో కలిపా, కాకుండానా?"

"కలిపి."

"అయితే చిన్నవి రెండు కొంటే, నలుగురిలో ఇద్దరు నడిపేవాళ్ళే. మిగిలేది ఇద్దరు. పెద్దదైతే ముగ్గురు. లెక్కల మాస్టారికి ఇది నేను చెప్పాలా?"

నేను నోరు మూసుకొన్నాను. మా చుట్టుపక్కల కోయగూడేల నుంచి వానాకాలంలో నొప్పులు పడుతున్న ఆడమనిషిని ఆసుపత్రికి చేర్చాలంటే, ఆమె తల్లో అత్తో వెంట వుండాలి, ఆశా కార్యకర్త వుండాలి. మన ఇళ్ళలో ఒక్కమనిషి ఒంటరిగా ఎక్కడికైనా పోయిందెప్పుడు? చిన్నబండి వస్తే మళ్ళీ ఎవరో ఒకరు డాబామీద నిలబడి, "ముందు మీరు పోండి" అనవలసిందే.

మేనల్లుడు ఊరకే ఒప్పుకోలేదు. "రెండుంటే ఒకటి చెడినా ఇంకొకటి వుంటుంది గదా మామయ్యా? వంతెన మూసేస్తే ఒడ్డుకొకటి వుంటుంది" అన్నాడు. ఆ రెండోమాటకు నా దగ్గర జవాబు లేదని నిజమే చెప్పాను. చెడేమాటకు మాత్రం, ఒక బండిని బాగుచేయగల మెకానిక్కును తయారుచేయడమే మాకు గగనం, రెండు బండ్లు షెడ్డులో తుప్పుపట్టడం ఎందుకన్నాను.

చివరికి ఎనిమిది చక్రాలదే ఖాయం చేశాము. నా షరతులు కొన్ని రాసి పంపాను. నడిగోదావరిలోకీ, పారే వాగులోకీ దింపరాదు. కంపెనీవాడు నలుగురన్నా, వాన గాలి వున్ననాడు ముగ్గురినే ఎక్కించాలి. చొక్కా లేనివాణ్ణి బండి ఎక్కించరాదు. తేలే చొక్కా సుమండీ! నీళ్ళలో దింపేముందు అడుగున నీరు వదిలే బిరడాలు బిగించారో లేదో ఇద్దరు చూడాలి. ఇది రోడ్డుమీద నడిపేందుకు చేసింది కాదు గనుక ట్రాలీమీద మోయాలి. మొదటి హెచ్చరిక రాగానే పల్లెల దగ్గరి మెరకమీదికి చేర్చాలి. రెండో హెచ్చరికదాకా ఆగితే దారి వుండదు. ఎండాకాలంలో నెలకొకసారి చెరువులో దింపి, పల్లెకు ఇద్దరు కుర్రవాళ్ళ చేత నడిపించాలి.

ఆ పెద్దాయన అడిగిన జానెడు అంచు సంగతి అన్నిటికంటె పైన రాశాను. బండి పక్కన ఎర్రరంగుతో గీత గీయించి, నీళ్ళు ఆ గీత తాకితే ఒకరు దిగాలన్నాను.

"దిగేదెవరో కూడా రాయవలసింది" అన్నది మా ఆవిడ.

అది మాత్రం రాయలేకపోయాను.