మురికివాడలు: వాని పుట్టుక, వాని బాగు

ఒక వస్తువునకు మనము పెట్టిన పేరు ఒక్కొక్కప్పుడు దానిని గుఱించి మనకు గల అభిప్రాయమును గూడ బయలుపఱచును. నగరములలో బీదలు నివసించు ఇఱుకు పేటలను మనము మురికివాడలని పిలుచుచున్నాము. ఈ పేరు విన్నవారికి అచ్చటి మురికికి అచ్చటి జనులే కారణమని తోచుట సహజము. కాని మురుగు పోవుటకు కాలువయే లేనిచోట ఎంతటి శుచిగల గృహిణియైనను తన వాకిటి నీటిని ఎచ్చటికి పంపగలదు? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట మురికివాడ యననేమో తెలిసికొందము. ఐక్యరాజ్యసమితివారు దీనికి ఐదు లోపములను గుర్తులుగా చెప్పియున్నారు. ఎండవానలకు నిలుచు గట్టి యిల్లు లేకుండుట మొదటిది. ఒక్కొక్క గదిలో ముగ్గురికంటె నెక్కువమంది కాపురముండవలసివచ్చుట రెండవది. మంచినీరు అందకుండుట మూడవది. తగిన మరుగుదొడ్డి లేకుండుట నాలుగవది. ఇక ఐదవది, తమ్మెప్పుడు వెళ్లగొట్టుదురో యను భయము లేకుండ నివసించు హక్కు లేకుండుట. వీనిలో ఏ యొక్క లోపమున్నను ఆ గృహము మురికివాడలోని దానిగా నెంచబడును. ఆ సమితివారి అంచనా చొప్పున 2001వ సంవత్సరమున ప్రపంచమునందు సుమారు 92 కోట్లమంది యిట్టి చోట్ల నివసించిరి. 2022 నాటికి ఆ సంఖ్య సుమారు 110 కోట్లయ్యెను. మన దేశపు జనాభా లెక్కలవారి కొలత వేఱు. ఆ కొలత చొప్పున 2011లో దేశమునందు 6 కోట్ల 50 లక్షలమందియు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందు ఒక కోటికి పైబడియు జనులు మురికివాడలలో నుండిరి.

ఇది పేద దేశములకు మాత్రమే పట్టిన తెగులని కొందఱు తలంతురు. అది నిజము కాదు. లండను నగరమున 1801లో సుమారు 10 లక్షల జనులుండగా, 1901 నాటికి చుట్టుపట్ల ఊళ్లతో గూడ 65 లక్షలైరి. యంత్రశాలలును, ఓడరేవును, రైలుమార్గములును పల్లెలనుండి కూలివారిని పిలిచెను గాని వారికి ఇండ్లు కట్టువారు లేకపోయిరి. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబము తలదాచుకొనెను. మురుగు థేమ్సు నదిలో కలియుచుండెను. ఆ నదినీరే పలువురు త్రాగుచుండిరి. 1854లో బ్రాడ్ వీథి ప్రాంతమున కలరా వ్యాపించి ఆఱు వందలకు పైగా జనులను బలిగొన్నప్పుడు, జాన్ స్నో అను వైద్యుడు మృతుల యిండ్లను పటముమీద గుర్తించి, ఆ జాడ్యము ఒక బోరింగు నీటివలన కలుగుచున్నదని చూపెను. తరువాత జోసెఫ్ బాజల్జెట్ అను ఇంజనీరు నగరమంతటికి భూమిలోపల మురుగుకాలువలు నిర్మించెను. 1866లో కలరా మఱల వచ్చినప్పుడు, ఆ కాలువలు ఇంకను పూర్తికాని తూర్పు భాగమునందే అది విజృంభించెను. ఆ జనులు నడవడి మార్చుకొనినందున గాక, కాలువలు పూర్తియైనందుననే తరువాత లండనుకు కలరా పీడ తొలగెను.

నేడు ఆసియా, ఆఫ్రికా ఖండముల నగరములయందు ఇదే కథ మఱింత వేగముగ నడచుచున్నది. పల్లెలో భూమి చాలక, వానలు తప్పి, అప్పులు పెరిగి, కుటుంబములు బయలుదేరును. నగరమున కూలి దొరకును గాని, ఆ కూలితో అద్దెకు ఇల్లు దొరకదు. నాటి కూలి నాడు సంపాదించుకొనువాడు పనికి దూరముగ నుండలేడు. కావున ఎవ్వరును కోరని చోట, అనగా కాలువగట్టున, రైలుపట్టాల ప్రక్కన, కొండవాలున, వఱదనీరు నిలుచు పల్లమున గుడిసె వేసికొనును. మన తెలుగువారును ఈ త్రోవను నడచినవారే. బొంబాయిలోని కామాఠిపుర మను పేట, తెలంగాణమునుండి పోయి ఆ నగరపు కట్టడములలో కూలిచేసిన కామాఠీల పేరనే వెలసినది.

ఇచ్చట ఒక విషవలయము పుట్టుచున్నది. ఆ స్థలమునకు పట్టా లేదు. పట్టా లేనందున నగరపాలకులు కొళాయి వేయరు, కాలువ త్రవ్వరు. కాలువ లేనందున మురుగు నిలుచును. ఆ మురుగునే కారణముగ చూపి పేటను తొలగింపవలెనని పలుకుదురు. కొళాయి లేని బీదవాడు నీటిని బిందెల లెక్కన కొని, కొళాయి గల ధనికునికంటె ఎక్కువ వెల యిచ్చుటయు అనేక నగరములలో కానవచ్చును.

అట్లయిన ఈ పేటలను పడగొట్టి క్రొత్త మేడలు కట్టిన చాలదా యని అడుగవచ్చును. ఈ పని లండనులోనే జరిగినది. తూర్పు లండనులో ఓల్డ్ నికోల్ అను పేట అపకీర్తి పొందియుండెను. అచ్చటి ప్రభుత్వ సంఘమువారు దానిని పూర్తిగ పడగొట్టి, చక్కని వీథులతోను, ఎఱ్ఱయిటుకల గృహములతోను క్రొత్త కాలనీ నిర్మింపగా, 1900లో యువరాజు దానిని తెరచెను. కట్టడము దోషములేనిదే. కాని పడగొట్టుటచే నిలువనీడ కోల్పోయినవారు 5,719 మంది. వారిలో క్రొత్త యిండ్లలో చేరినవారు 11 మంది మాత్రమే! క్రొత్త అద్దె వారికి అందనిదయ్యెను. తక్కినవారు సమీపమునందలి ఇఱుకు పేటలకు పోయి వానిని మఱింత ఇఱుకు చేసిరి. పేట పోయెను గాని పేదఱికము పోలేదు. అది ప్రక్కవీథికి మాఱెను.

దీనికి భిన్నమైన మార్గము కరాచీ నగరమందలి ఒరాంగీ అను పేటలో కానవచ్చినది. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అను వృద్ధుడు అచ్చటికి వచ్చి, మీకు కావలసినదేమని జనుల నడిగెను. మురుగుకాలువ లేకుండుటయే వారి గొప్ప బాధయని తేలెను. ప్రభుత్వమువారి అంచనా వ్యయము ఆ జనులు భరింపలేనిది. అప్పుడాయన ఇరువది ముప్పది యిండ్లుగల ఒక్కొక్క సందును ఒక సంఘముగ చేర్చెను. సందువారు తమలో నొకనిని పెద్దగా నెన్నుకొని, తామే చందాలు వేసికొని, తామే గొట్టములు పఱచిరి. ఖాన్ గారి సంస్థ ధనమీయలేదు. కొలతలు, పటములు, పనిముట్లు, సలహాలు మాత్రమిచ్చెను. పెద్ద కాలువలు మాత్రము ప్రభుత్వమువారి వంతు. ఈ విధమున లక్షకు పైగా ఇండ్లకు మురుగుబాధ తీఱెను. ఖర్చు ప్రభుత్వపు అంచనాలో చిన్న భాగము మాత్రమే అయ్యెను. ఎవరిని వెళ్లగొట్టవలసిన అగత్యము లేకపోయెను.

ఆ సంస్థను తరువాత నడపిన పర్వీన్ రహమాన్ అను వాస్తుశిల్పి, ఆ పేటల యువకులకే భూమిని కొలుచుటయు, పటములు గీయుటయు నేర్పించెను. పటముమీద లేని పేటను తుడిచివేయుట సులభము. పటమున కెక్కినదానిని తుడుచుట కష్టము. 2013 మార్చి 13వ తేదీని ఆమె కాల్చి చంపబడినది. బీదల యిండ్లను కాగితముమీద గుర్తించుట యెంతటి సాహసమో ఆమె మరణము తెలుపుచున్నది.

విద్యార్థులారా! తరగతిలో మీరు నేర్చు క్షేత్రగణితము పరీక్షలకు మాత్రమే పనికివచ్చునని తలంపకుడు. కాలువకు ఎంత వాలుండవలెనో, సందు పొడవెంతయో, గొట్టముల వ్యయమెంతయో లెక్కింప నేర్చిన పిల్లవాడొక్కడు తన పేట కెంత మేలు చేయగలడో ఒరాంగీ యువకులు చూపియున్నారు. మఱియొక మాట. మీ ప్రక్కను కూర్చుండు సహాధ్యాయి యిల్లు అట్టి పేటలో నుండవచ్చును. తెల్లవారకముందే వీథి కొళాయి యొద్ద నిలిచి, నీళ్లు మోసి బడికి వచ్చియుండవచ్చును. అతని పేటను మురికివాడ యని పలుకుటకు ముందు, అచ్చటికి కాలువ త్రవ్వవలసినవారెవ్వరో, త్రవ్వకుండుటకు కారణమేమో ఒక్కమాఱు అడుగుడు. మురికి ఎవరిదో అప్పుడు మీకే బోధపడును.