మతిమరుపు జబ్బు వచ్చాక బుద్ధిని నిలబెట్టుకోవచ్చా?

ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే జబ్బు. స్కానింగ్‌లో ఇద్దరి మెదళ్లూ ఒకేలా కుంచించుకుపోయి ఉంటాయి. ఒకాయనకు కొడుకు పేరు తట్టదు. రెండో ఆయన రోజూ రైతుబజారుకు వెళ్లి, బేరమాడి, చిల్లర లెక్క చూసుకుని కూరగాయలు తెస్తాడు. ఎందుకింత తేడా?

దీనికి గట్టి ఆధారం 1988లో అమెరికాలో దొరికింది. రాబర్ట్ కాట్జ్‌మన్ బృందం, ఒక నర్సింగ్ హోమ్‌లో ఉంటూ చనిపోయిన 137 మంది వృద్ధుల మెదళ్లను పరీక్షించింది. పదిమంది మెదళ్లలో అల్జీమర్స్ మచ్చలు నిండుగా ఉన్నాయి. అయినా బతికున్న రోజుల్లో వాళ్ల జ్ఞాపకం, ఆలోచన జబ్బు లేనివాళ్లకు ఏమాత్రం తీసిపోలేదు. ఆ మెదళ్లు కాస్త బరువుగా ఉన్నాయి, వాటిలో పెద్ద నాడీకణాలు ఎక్కువగా ఉన్నాయి. అంటే దెబ్బ తిన్నాక కూడా పని నడిపించుకునే నిల్వ ఏదో మెదడులో ఉంటుంది. చదువు, బుర్రకు పనిపెట్టే వృత్తి, నలుగురితో మాటామంతీ ఆ నిల్వను పెంచుతాయని కొలంబియా యూనివర్సిటీలో యాకోవ్ స్టెర్న్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. ఊరికి వెళ్లే పెద్దరోడ్డు తెగిపోతే డొంకదారులు తెలిసినవాడు ఎలాగోలా చేరుకుంటాడు కదా, అలాగన్నమాట.

మనకు మరీ దగ్గరి ఆధారం హైదరాబాద్‌లోనే ఉంది. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్లతో పోలిస్తే రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడ్డాయి. అంతకుముందు కెనడాలోని టొరంటోలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. కాని అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు. తేడాకు కారణం భాషా, వలసా అన్న అనుమానం మిగిలిపోయింది. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇక్కడే పుట్టి పెరిగి ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే జనం ఉన్న ఊరు ఇది.

రెండు భాషలు వచ్చినవాళ్లు ఎక్కువ చదువుకున్నవాళ్లే అయి ఉంటారు, ఫలితం చదువుదే కావచ్చు అని ఎవరైనా అడగవచ్చు. అందుకే అక్షరం ముక్క రానివాళ్లను విడిగా చూశారు. వాళ్లలోనూ రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు దాదాపు ఆరేళ్లు ఆలస్యంగా బయటపడింది. ఈ మొత్తంలో నన్ను కదిలించింది ఇదే. బడి మొహం చూడకుండా, కూలిపనిలోనో బజారులోనో రెండో భాష నేర్చుకున్న మనిషి మెదడుకు కూడా ఆ రక్ష దొరుకుతోంది. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

ఎలా జరుగుతుందిది? రెండు భాషలు వచ్చినవాళ్లు ఒకదానిలో మాట్లాడుతున్నా రెండోది మెదడులో మేలుకునే ఉంటుంది. దాన్ని అణిచి, ఎదుటి మనిషికి తగ్గ మాట ఎంచుకోవాలి. రోజంతా జరిగే ఈ కసరత్తు ధ్యాసను అదుపుచేసే భాగాలకు బలమిస్తుందని పరిశోధకుల వివరణ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్లపాటు గమనించిన కొన్ని అధ్యయనాల్లో ఈ లాభం స్పష్టంగా తేలలేదు కాబట్టి వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఇదంతా జబ్బు బయటపడకముందు మాట. బయటపడ్డాక ఏం చేయవచ్చు?

ముందు డాక్టరుకు చూపించాలి. బి12 లోపం, థైరాయిడ్ సమస్య, దిగులు జబ్బు కూడా మతిమరుపులా కనిపిస్తాయి, వాటికి వైద్యం ఉంది. వినికిడి తగ్గిన మనిషికి కూడా మతి తప్పిందనుకుంటాం. డిమెన్షియానే అని తేలితే దాన్ని పూర్తిగా ఆపే మందు లేదు. కాని మిగిలి ఉన్న బుద్ధికి పని కల్పించడం వల్ల ఫలితం ఉంది. ఇంగ్లండ్‌లో ఎయిమీ స్పెక్టర్ బృందం 201 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2003లో వచ్చాయి. వారానికి రెండుసార్లు, ఏడు వారాలు, మొత్తం 14 సార్లు చిన్న గుంపులుగా కూర్చోబెట్టారు. చిన్ననాటి ఆటలు, తిండి, డబ్బు లెక్క, ఇవాళ్టి వార్తలు, తెలిసిన ముఖాలు ఇలా పూటకో విషయం. చివరికి వాళ్ల జ్ఞాపకం, ఆలోచన ఆ గుంపుల్లో కూర్చోనివాళ్ల కంటే మెరుగ్గా ఉన్నాయి. అప్పటి మందుల వల్ల వచ్చే మేలుకు ఇది దీటుగా ఉంది. చెన్నైలో స్కార్ఫ్ సంస్థ ఈ పద్ధతిని తమిళుల జీవితానికి తగ్గట్టు మలిచింది.

ఆ పద్ధతిలోని ఒక నియమం మన ఇళ్లలో ప్రతి ఒక్కరికీ తెలియాలి: జ్ఞాపకాన్ని పరీక్షించకూడదు, అభిప్రాయం అడగాలి. చుట్టపుచూపుగా వచ్చిన ప్రతివాళ్లూ "నేనెవరో చెప్పు పిన్నీ, గుర్తుపట్టావా?" అని నిలదీస్తారు. జవాబు రాక ఆవిడ ముడుచుకుపోతుంది, మెల్లగా మాట్లాడడమే మానేస్తుంది. "నేను లక్ష్మిని పిన్నీ. ఆవకాయలో వెల్లుల్లి వేస్తే బాగుంటుందా, వేయకపోతేనా?" అని అడిగితే తప్పు జవాబంటూ ఉండదు. "నీకెందుకమ్మా, కూర్చో" అని ప్రేమకొద్దీ చేతిలో పని లాక్కోవడం కూడా అంతే నష్టం. చిక్కుడుకాయల ఈనెలు తీయగలిగినన్నాళ్లు తీయనివ్వాలి.

లిండా క్లేర్ బృందం 475 మందితో చేసి 2019లో ప్రచురించిన పరీక్ష ఇంకా సూటిగా నడిచింది. ఫోన్ వాడడమో, మందులు వేళకు వేసుకోవడమో, తనకు కావలసిన పనిని ఎవరికివారు ఎంచుకున్నారు, ఇంటికొచ్చిన శిక్షకులు దాన్నే సాధన చేయించారు. ఆ పనుల్లో బాగా మెరుగుపడ్డారు. జ్ఞాపకశక్తి పరీక్షల మార్కులు మాత్రం పెరగలేదు.

అలాగే బ్రిటన్‌లో 356 కుటుంబాలకు స్పెక్టర్ గుంపుల్లో జరిగినలాంటి సంభాషణలను ఇంట్లోనే నడపడం నేర్పి చూశారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల్లో రోగుల ఆలోచనాశక్తిలో మెరుగు కనిపించలేదు. కాని తమను చూసుకునే మనిషితో అనుబంధం బాగుపడిందని ఆ రోగులే చెప్పారు, చూసుకునేవాళ్ల జీవన నాణ్యత కూడా కొంత మెరుగుపడింది.