సూర్యకిరణ్ (విమాన విన్యాస బృందము)

సూర్యకిరణ్ భారతీయ వైమానిక దళమునకు చెందిన విమాన విన్యాసాల బృందము. దీనిని 1996లో కర్ణాటకలోని బీదర్ వైమానిక స్థావరములో ఏర్పాటు చేశారు. వైమానిక దళములో ఇది 52వ స్క్వాడ్రన్. తొలి నాయకుడు వింగ్ కమాండర్ కుల్దీప్ మాలిక్. అంతకు ముందు, 1982లో వైమానిక దళ స్వర్ణోత్సవాల సందర్భముగా, హంటర్ యుద్ధ విమానాలతో 'థండర్‌బోల్ట్స్' అను బృందము ఏర్పడినది. ఆరు విమానాలతో మొదలైన సూర్యకిరణ్ 1998లో తొమ్మిది విమానాల బృందమైనది.

విన్యాసాలలోని సూక్ష్మము

చూచువారికి తొమ్మిది విమానాలు ఒకే వేగముతో పోవుచున్నట్లు కనిపించును. నిజమునకు అట్లు కాదు. బృందము మలుపు తిరుగునపుడు వెలుపలి అంచున ఉన్న విమానము లోపలి దానికంటె ఎక్కువ దూరము పోవలెను. కనుక దాని వేగము పెరగవలెను. అందుచేత నాయకుడు తన ఇంజను పూర్తి శక్తిని వాడడు. వాడినచో వెనుకవారికి అందుకొనుటకు శక్తి మిగలదు. మిగిలిన పైలట్లు నేలను, దిఙ్మండలమును కాక పక్క విమానమునే చూచుచు తమ స్థానమును కాపాడుకొందురు. విమానాల రెక్కల మధ్య దూరము కొన్ని మీటర్లు మాత్రమే.

విమానము వెనుక కనిపించు పొగ ఇంజను నుండి సహజముగా వచ్చునది కాదు. వేడి వాయువులోనికి డీజిల్ చిమ్మగా అది ఆవిరియై, చల్లగాలి తగిలి తెల్లని పొగమంచువలె మారును. రంగు కావలెనన్న అందులో రంగుపదార్థము కలుపుదురు.

2011లో విరామము

ఈ బృందము మొదట వాడినవి హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి కిరణ్ మార్క్-2 జెట్ శిక్షణ విమానాలు. అవి యుద్ధ విమానాలకంటె నెమ్మదైనవి, తక్కువ ఖర్చుతో నడుచునవి. అయితే ఇవే విమానాలు కొత్త పైలట్లకు కూడ అవసరము. బృందము ఆగిపోవుటకు మూలము తెలుగు నేలపైనే కలదు. హైదరాబాదు సమీపములోని దుండిగల్ వైమానిక దళ అకాడమీలో ప్రాథమిక శిక్షణకు హెచ్.పి.టి-32 దీపక్ విమానాలు వాడేవారు. 2009 జూలైలో మెదక్ జిల్లాలో ఆ రకపు విమానమొకటి కూలి ఇద్దరు మరణించగా, ఆ విమానాలన్నింటిని నిలిపివేశారు. శిక్షణ భారము కిరణ్ విమానాలపై పడినది. ఫలితముగా 2011 ఫిబ్రవరిలో బృందము ప్రదర్శనలు ఆగిపోయినవి. అభిమానులకు నిరాశ కలిగినను, విద్యార్థులకు విమానాలు లేనపుడు ప్రదర్శనను ఆపుటయే సబబు.

2015లో హాక్ మార్క్-132 విమానాలతో బృందము తిరిగి రూపు దాల్చినది. తొలుత తక్కువ విమానాలతో ఎగిరి, తరువాత మరల తొమ్మిదికి చేరినది. హాక్ కూడ శిక్షణ విమానమే.

ప్రమాదాలు

2006లోను, 2009లోను బీదర్ ప్రాంతములో జరిగిన ప్రమాదాలలో ముగ్గురు పైలట్లు మరణించారు. 2019 ఫిబ్రవరి 19న బెంగళూరు యెలహంకలో, ఏరో ఇండియా ప్రారంభమునకు ముందురోజు, సాధన చేయుచుండగా రెండు హాక్ విమానాలు ఢీకొన్నవి. వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ మరణించగా మరి ఇద్దరు పారాచూట్లతో బయటపడ్డారు. అదే ప్రదర్శన ముగియులోపల బృందము తిరిగి ఎగిరినది.

2010లో హైదరాబాదు బేగంపేట ప్రదర్శనలో కూలిన విమానము సూర్యకిరణ్‌ది అని కొందరు పొరబడుదురు. అది నౌకాదళపు 'సాగర్ పవన్' బృందమునకు చెందిన కిరణ్ విమానము.